వెంట వెళ్లేవి, ఎదురయ్యేవి: పరదేశ ప్రయాణంలో ఆరోగ్యరక్షణ

విదేశ ప్రయాణం అనగానే ఆరోగ్యం విషయంలో ముందుగా తలపుకు వచ్చేవి కొత్త నీరు, కొత్త వాతావరణం, పేరు కూడా వినని కొత్త రోగాలు. ప్రయాణానికి ముందు, ప్రయాణంలో, తిరిగివచ్చిన తరువాత మనిషి ఆరోగ్యాన్ని కాపాడే పద్ధతులను పరిశీలించే ప్రయాణ వైద్యమనే శాఖ చెప్పే మాట మాత్రం కొంత వేరుగా ఉంటుంది. పరదేశంలో ప్రయాణికుల ప్రాణం తీసే కారణాలలో అక్కడ పొంచి ఉన్న వింత రోగాల కన్న, వారు ఇంటినుంచి వెంట తీసుకువెళ్లిన గుండెజబ్బు వంటివాటికీ, రోడ్డు మీద, నీటిలో జరిగే ప్రమాదాలకీ ఎక్కువ పాలు ఉంటుందని ఆ శాస్త్రం గుర్తించింది. పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండి రావడానికి అమెరికాకు బయలుదేరే తల్లిదండ్రులు, కూలిపనికి గల్ఫ్ దేశాలకు వెళ్లే జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల కార్మికులు, ఇంటిపనికి కువైట్ వెళ్లే కడప, కోనసీమ ప్రాంతాల స్త్రీలు ఈ విషయాన్ని ముందుగా తెలుసుకుంటే, వారి సన్నాహం పచ్చళ్ల జాడీల దగ్గరకన్న మందుల చీటీ దగ్గర మొదలవుతుంది.

ప్రయాణికుడి ఆరోగ్యాన్ని రాజ్యాలు పట్టించుకోవడం పాత విషయమే. 1377లో ఆడ్రియాటిక్ సముద్రతీరంలోని రగూసా నగరం, అనగా నేటి క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్, ప్లేగు ఉన్న ప్రాంతాలనుంచి వచ్చేవారిని ముప్పై రోజులపాటు ఊరి వెలుపలే నిలపాలని శాసనం చేసింది. తరువాతి కాలంలో ఆ గడువు నలభై రోజులకు పెరగడంతో, ఇటలీ ప్రాంతపు భాషలో నలభైకి ఉన్న పేరునుంచి, కోవిడ్ కాలంలో తెలుగు ఇళ్లలో పసిపిల్లలకు కూడా తెలిసిపోయిన క్వారంటైన్ అనే మాట పుట్టింది. ఆ ఏర్పాటు కాపాడదలచింది ఊరిని. వచ్చినవాడి బాగోగులు వచ్చినవాడివే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాలు 2005లో ఆమోదించగా 2007 నుంచి అమలులో ఉన్న అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల ప్రధానోద్దేశం కూడా రోగం సరిహద్దు దాటకుండా చూడడమే కనుక, ప్రభుత్వాలు అడిగిన టీకా కాగితం చేతికి వచ్చినంత మాత్రాన ప్రయాణికుడు తన క్షేమానికి కావలసినదంతా చేసుకున్నట్లు భావించరాదు.

ఆ కాగితాలలో ముఖ్యమైనది ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం. ఎల్లో ఫీవర్ అనేది ఆఫ్రికా, దక్షిణ అమెరికా ఖండాలలోని కొన్ని దేశాలలో ఉండి, కాలేయాన్ని దెబ్బతీసి కళ్లూ ఒళ్లూ పచ్చబడేలా చేసే వైరస్ జ్వరం. భారతదేశంలో ఈ రోగం లేదు. అయితే దాన్ని మోసే ఈడిస్ ఈజిప్టి దోమ, అంటే డెంగీని, చికున్ గున్యాను వ్యాపింపజేసే పగటి దోమే, ఇక్కడ ప్రతి వీధి నీటితొట్టిలోనూ ఉంది కనుక, రోగం ఒక్కసారి అడుగుపెడితే దానికి కావలసిన వాహనం సిద్ధంగా ఉన్నట్లే. అందువల్లనే ఆ రోగమున్న దేశాలనుంచి ధ్రువపత్రం లేకుండా వచ్చినవారిని, వారు భారతీయులైనా సరే, ఆరు రోజుల వరకు విడిగా ఉంచే అధికారం ఇక్కడి విమానాశ్రయ ఆరోగ్యాధికారులకు ఉంది. టీకా వేయించుకున్న పది రోజుల తరువాతనే ధ్రువపత్రం చెల్లుబాటులోకి వస్తుంది. 2016 జూలై 11 నుంచి అది జీవితాంతం చెల్లుతుంది. ఈ టీకాను ప్రభుత్వం గుర్తించిన కేంద్రాలలో మాత్రమే వేస్తారు. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అటువంటి వాటిలో ఒకటి. ఇది బలహీనపరచిన సజీవ వైరస్‌తో చేసిన టీకా కావడం చేత, అరవై దాటినవారు, గర్భిణులు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు డాక్టరుతో మాట్లాడకుండా వేయించుకోరాదు. హజ్ యాత్రికులకు తప్పనిసరి అయిన మెనింజైటిస్ టీకా, అనగా మెదడును కప్పి ఉండే పొరలకు వచ్చే వాపును నివారించే టీకా, కూడా బయలుదేరడానికి కనీసం పది రోజుల ముందు పడవలసినదే. ఈ గడువుల దృష్ట్యా, ప్రయాణానికి నాలుగు నుంచి ఆరు వారాల ముందే డాక్టరును కలవడం అవసరం.

ప్రభుత్వాలు అడగనివీ, ప్రయాణికుడు తనకు తానే చూసుకోవలసినవీ ఇక్కడినుంచి మొదలవుతాయి. ఏళ్ల తరబడి బీపీకి, షుగరుకు మందులు వాడే మనిషి తన మాత్రను సాధారణంగా మూడు గుర్తులతో తెలుసుకుంటాడు: కంపెనీ పెట్టిన పేరు, రేకు రంగు, పరిచయమైన మందుల దుకాణం. విమానం దిగగానే ఈ మూడూ పనికిరాకుండా పోతాయి. భారతీయ కంపెనీ పేరు అమెరికాలోని డాక్టరుకు ఏమీ చెప్పదు. మందు అసలు పేరు, అంటే అందులోని రసాయనానికి శాస్త్రం పెట్టిన పేరు చెప్పినా కొన్నిసార్లు సరిపోదు. ఇక్కడ పారాసిటమాల్ అనే జ్వరం మందును అక్కడ అసిటమినోఫెన్ అంటారు. ఆయాసానికి పీల్చే సాల్బుటమాల్ అక్కడ అల్బ్యుటరాల్. షుగరుకు వాడే గ్లిబెన్‌క్లమైడ్ అక్కడ గ్లైబురైడ్. పేరు తెలియక ఒకే మందును రెండు పేర్లతో మింగడం ఊహించుకున్న ప్రమాదమేమీ కాదు. వెంట తెచ్చుకున్న పారాసిటమాల్ వేసుకుంటూ, అక్కడ జలుబుకు కొన్న మిశ్రమ మాత్రలోని అసిటమినోఫెన్‌ను కూడా కలిపి మింగితే, మోతాదు రెట్టింపై కాలేయం దెబ్బతినవచ్చు. అందుచేత ప్రతి మందుకూ అసలు పేరు, మిల్లీగ్రాములలో మోతాదు, ఏ జబ్బుకు, రోజుకు ఎన్నిసార్లు అనే వివరాలను డాక్టరు చేత టైపు చేయించి సంతకం, ముద్ర వేయించిన కాగితం, పాస్‌పోర్టుతో సమానంగా భద్రపరచుకోవలసిన పత్రం.

అంకెల విషయంలోనూ ఇటువంటి చిక్కే ఉంది. భారతదేశంలోనూ అమెరికాలోనూ రక్తంలోని చక్కెరను డెసిలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని లెక్కిస్తారు. బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడా దేశాలలో లీటరుకు ఇన్ని మిల్లీమోల్‌లని లెక్కిస్తారు. మిల్లీమోల్ అంకెను 18తో గుణిస్తే ఇక్కడివారికి అలవాటైన అంకె వస్తుంది. పరగడుపు షుగరు 126 అని వినడానికి అలవాటుపడిన తల్లికి లండన్‌లో రిపోర్టు మీద 7 అనే అంకె కనిపిస్తే, చక్కెర ప్రమాదకరంగా పడిపోయిందని భయపడి తీపి తినే అవకాశం ఉంది. నిజానికి ఆ రెండు అంకెలూ ఒక్కటే.

మందుల పరిమాణం మీద కూడా చట్టాలు ఉన్నాయి. అమెరికాకు వెళ్లే సందర్శకులు సొంత వాడకానికి సాధారణంగా తొంభై రోజులకు సరిపడే మందులను మాత్రమే తీసుకువెళ్లవచ్చు. ఉండేది ఆరు నెలలైతే మిగిలిన వాటిని తరువాత, డాక్టరు చీటీ, పాస్‌పోర్టు, వీసా నకళ్లు జతచేసి తెప్పించుకోవలసి ఉంటుంది. మాత్రలను రేకులనుంచి విప్పి స్టీలు డబ్బాలో కలిపి పోసుకోవడం ఇంట్లో సౌకర్యమే గాని, కస్టమ్స్ అధికారి ముందు అవి పేరులేని మాత్రలు. మందులన్నీ చేతిసంచిలోనే ఉండాలి. సామాను మరొక విమానాశ్రయానికి చేరిపోవడం అరుదైన సంగతి కాదు, పైగా ఇన్సులిన్ సామాను గదిలోని చలికి గడ్డకట్టితే తిరిగి కరిగినా పనిచేయదు.

ఇన్సులిన్ వాడేవారికి కాలం తేడా మరొక పరీక్ష. చలికాలంలో న్యూయార్కు గడియారం హైదరాబాదు గడియారానికి పదిన్నర గంటలు వెనుక ఉంటుంది కాబట్టి, పడమటికి వెళ్లే మనిషికి ఆ ఒక్క రోజు ముప్పైనాలుగున్నర గంటల రోజవుతుంది; తూర్పుకు తిరిగివచ్చేటప్పుడు పదమూడున్నర గంటలకు కుంచించుకుపోతుంది. రక్తపోటు మాత్ర కొన్ని గంటలు అటూఇటూ అయినా సాధారణంగా పెద్ద హాని ఉండదు. ఇన్సులిన్ లెక్క తప్పితే చక్కెర పడిపోయి మనిషి నిద్రలోనే స్పృహ కోల్పోవచ్చు. ఆ రోజుకు ఎన్ని యూనిట్లు, ఏ గంటకు అన్నది డాక్టరు కాగితం మీద రాసి ఇవ్వాలి. భోజనానికి ముందు వేసుకునే ఇన్సులిన్‌ను మాత్రం విమానంలో, పళ్లెం ఎదుటికి వచ్చిన తరువాతనే వేసుకోవడం మేలు. భోజనం వస్తోందని విని సూది వేసుకున్న మరుక్షణం విమానం కుదుపులకు లోనై వడ్డన ఆగిపోవచ్చు.

విమానంలోని గాలి గురించి కూడా కొంత తెలుసుకోవాలి. విమానం ఎంత ఎత్తున ఎగురుతున్నా లోపలి గాలి పీడనాన్ని సుమారు ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున్న కొండమీద ఉండే స్థాయిలో ఉంచుతారు. ఆరోగ్యవంతుడికి ఇది తెలియనైనా తెలియదు గాని, తీవ్రమైన ఊపిరితిత్తుల వ్యాధి, ఇటీవల గుండెపోటు వచ్చినవారు డాక్టరు అనుమతి లేకుండా ఎక్కరాదు. అందరికీ వర్తించే అంశం కాళ్లలోని రక్తప్రసరణ. కూర్చున్నచోటే గంటల తరబడి కూర్చుంటే, పిక్క కండరాలు కదలక, లోతుగా ఉండే సిరలలో రక్తం నిలిచి గడ్డకట్టవచ్చు; ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. నాలుగు గంటలు మించిన ప్రయాణం ఈ ప్రమాదాన్ని సుమారు రెండింతలు చేస్తుందని, అయినా మొత్తం మీద ఆరువేల మందిలో ఒకరికి వచ్చేంతటిదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపించిన పరిశోధన 2007లో తేల్చింది. కాబట్టి భయం అక్కరలేదు, అలవాటు కావాలి. మడమ నేలకు ఆనించి మునివేళ్లు పైకెత్తడం, మునివేళ్లు ఆనించి మడమ ఎత్తడం గంటకొకసారి ఇరవై మార్లు చేస్తే పిక్క కండరం పంపులా ఆడి రక్తాన్ని పైకి తోస్తుంది. మరుగుదొడ్డికి లేవవలసి వస్తుందని నీళ్లు తాగడం మానుకునే పెద్దవారు, ముఖ్యంగా స్త్రీలు, ఎందరో ఉన్నారు. వారికి నడవ పక్క సీటు ఇప్పించడం టిక్కెట్టు కొనే పిల్లలు చేయగల గొప్ప సేవ. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, ఇటీవల పెద్ద శస్త్రచికిత్స అయినవారు, ముందు ఒకసారి ఇలా రక్తం గడ్డకట్టినవారు డాక్టరు చెప్పిన బిగువైన మేజోళ్లు ధరించాలి. దిగిన తరువాత కొన్ని వారాలలో ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పిపెడితే, లేదా ఉన్నట్టుండి ఆయాసం వస్తే, అది ప్రయాణ బడలిక అనుకుని ఊరుకోరాదు.

ఆరోగ్యం కోసం వెంట తీసుకువెళ్లినదే చట్టం దృష్టిలో నేరం కావడం గల్ఫ్ ప్రయాణంలో ఎదురయ్యే విచిత్రమైన ప్రమాదం. నొప్పికి వాడే ట్రమడాల్, దగ్గుమందులలో ఉండే కోడీన్, నిద్రకూ ఆందోళనకూ వాడే అల్ప్రజోలమ్ వంటివి అక్కడ కఠినమైన నియంత్రణలో ఉన్నందున, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ వంటి దేశాలకు వెళ్లేవారు అటువంటి మందు అవసరమైతే అక్కడి ఆరోగ్య శాఖ అనుమతిని ముందే పొందాలి. తెలుగు వంటింటి గసగసాలు కూడా ఈ కోవలోనివే. నల్లమందు మొక్క గింజలే గసగసాలు కనుక సౌదీ అరేబియా, ఎమిరేట్స్, సింగపూర్‌లలో అవి నిషిద్ధం. ఇంట్లో దంచిన మసాలా పొడిలో కలిసిపోయిన చెంచాడు గసగసాలైనా ఇబ్బంది తెచ్చిపెట్టగలవు. మరొకరి కోసం ఇచ్చిన పొట్లాన్ని విప్పి చూడకుండా సంచిలో పెట్టుకోవడం ఎంత దగ్గరివారు అడిగినా కూడదు.

ఇక ఎదురయ్యే వాటిలో గల్ఫ్ కార్మికుడికి ముఖ్యమైనది ఎండ. ఉత్తర తెలంగాణలో మే నెల ఎండను ఏటా చూసినవాడు తనకు వేడి కొత్త కాదని అనుకుంటాడు. అక్కడే పొరపాటు జరుగుతుంది. జగిత్యాల ఎండ పొడి ఎండ. చెమట పట్టిన వెంటనే ఆరి, ఆరేటప్పుడు ఒంటి వేడిని తీసుకుపోతుంది. గల్ఫ్ తీరాన వేసవిలో సముద్రపు తేమ గాలినిండా ఉండడంతో చెమట ఆరక ధారలుగా కారిపోతుంది. నీరూ ఉప్పూ నష్టపోయినా ఒళ్లు చల్లబడదు. అందుకే అక్కడి ఎండను థర్మామీటరు అంకెతో మాత్రమే కొలవక, గాలి వేడిని, తేమను, ఎండ తీక్షణతను, గాలి వీచే వేగాన్ని కలిపి చెప్పే తడిబల్బు గోళ ఉష్ణోగ్రత అనే సూచికతో కొలుస్తారు. ఖతార్ 2021లో ఈ సూచిక 32.1 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆరుబయట పని ఆపాలని నిబంధన చేసి, జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఎండలో పనిని నిషేధించింది. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు ఇటువంటి విరామం ఉంది. ఇది మేస్త్రీ దయ చూపి ఇచ్చే సెలవు కాదు, ఆ దేశపు చట్టమిచ్చిన హక్కు అని ప్రతి కార్మికుడూ, అతడిని పంపే కుటుంబమూ తెలుసుకోవాలి.

శరీరం కొత్త వేడికి అలవాటుపడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, కాబట్టి దిగిన మొదటి రోజులే అన్నిటికన్న ప్రమాదకరం. అప్పు తీర్చాలనే ఆత్రంతో మొదటి రోజునుంచే పూర్తి పనికి దిగే యువకుడే వడదెబ్బకు ముందుగా చిక్కుతాడు. దాహం వేసేదాకా ఆగకుండా గంట గంటకూ నీళ్లు తాగడం, మూత్రం రంగు చిక్కబడితే నీరు చాలలేదని గ్రహించడం, ఓఆర్‌ఎస్ పొట్లాన్ని అరకొర నీళ్లలో కాక దానిమీద రాసినంత నీటిలోనే కలపడం సులువైన రక్షణలు. తోటివాడు మాట తడబడి, తిక్కగా ప్రవర్తించి, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బ. వెంటనే అంబులెన్సును పిలిచి, అది వచ్చేలోగా నీడకు చేర్చి, బట్టలు సడలించి, ఒంటినిండా నీళ్లు పోసి గాలి తగిలించాలి. పారాసిటమాల్ ఈ వేడిని తగ్గించదు. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోయరాదు.

రోడ్డు దాటడం మాట చిన్నదే అయినా విడువరానిది. భారతదేశంలో వాహనాలు ఎడమవైపు నడుస్తాయి కనుక దాటేవాడి కన్ను ముందు కుడివైపు చూస్తుంది. అమెరికాలో, గల్ఫ్ దేశాలలో మొదటి వాహనం ఎడమవైపునుంచి వస్తుంది. అరవై ఏళ్ల అలవాటు ఒక్కరోజులో మారదు కనుక, పెద్దవారు మొదటి వారాలలో ఒంటరిగా పెద్ద రోడ్లు దాటకపోవడం మంచిది. ఈత రాని విద్యార్థులు తెలియని సరస్సులలోకి, జలపాతాల కిందికి దిగి ప్రాణాలు కోల్పోయిన వార్తలు తెలుగు పత్రికలలో మళ్లీ మళ్లీ వస్తున్నాయి. పైకి నిశ్చలంగా కనిపించే చన్నీటిలో ఒక్కసారిగా పడితే ఊపిరి అదుపు తప్పి, ఈత వచ్చినవాడు కూడా మునిగిపోగలడని వారికి ముందుగా చెప్పే పెద్దలు ఉండాలి.

వైద్య ఖర్చు భయం కూడా ప్రాణాపాయమే. అమెరికాలోని బిడ్డ ఇంట్లో రాత్రివేళ ఛాతీ బరువుగా ఉన్నా, ఆసుపత్రి బిల్లు బిడ్డ నెత్తిన పడుతుందని తెల్లవారేదాకా ఓర్చుకునే తండ్రులు ఉన్నారు. గుండెపోటులో ఆ కొద్ది గంటలే గుండె కండరం బతకడానికీ చావడానికీ మధ్య ఉండే వ్యవధి. అమెరికాలో 1986లో వచ్చిన చట్టం ప్రకారం అత్యవసర విభాగానికి వచ్చిన ఎవరినైనా, డబ్బు కట్టగలరా అన్నదానితో నిమిత్తం లేకుండా, పరీక్షించి ప్రమాద స్థితినుంచి స్థిమితపరచవలసిందే. బిల్లు తరువాత వస్తుంది, దాన్ని తగ్గించమని అడిగే మార్గాలూ ఉంటాయి. అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోను చేయడానికి ఇంగ్లీషు బాగా రానక్కరలేదు. తెలుగు అని చెప్పగలిగితే చాలాచోట్ల దుబాసీని ఫోనులో కలుపుతారు. ప్రభుత్వ నిధులు పొందే ఆసుపత్రులు దుబాసీ సాయాన్ని ఉచితంగా ఇవ్వాలి. బీమా కొనేటప్పుడు ఒక తేడా గమనించాలి: ఒక రకం పాలసీ ప్రతి చికిత్సకూ ముందే నిర్ణయించిన చిన్న మొత్తాన్ని మాత్రమే ఇస్తుంది, మరొక రకం అయిన ఖర్చులో ఎక్కువ భాగాన్ని భరిస్తుంది. ముందునుంచి ఉన్న జబ్బు హఠాత్తుగా ముదిరితే చెల్లిస్తారా, ఏ వయసు వరకు, ఎంత మేరకు అన్న ప్రశ్నకు జవాబు పాలసీ కాగితంలో చదివి తీరాలి. ఏజెంటు నోటిమాట చాలదు. జబ్బును దాచి కొన్న పాలసీ అవసరమైననాడు అక్కరకు రాదు. ఎమిగ్రేషన్ అనుమతితో పనికి వెళ్లే కార్మికులకు కేంద్ర ప్రభుత్వం తప్పనిసరి చేసిన ప్రవాసీ భారతీయ బీమా యోజన ప్రమాద మరణానికి పది లక్షల రూపాయల రక్షణ ఇస్తుంది; ఆ పాలసీ నకలు ఒకటి ఇంటిదగ్గర ఉండాలి.

తిరుగు ప్రయాణానికీ ఇటువంటి శ్రద్ధే కావాలి. మలేరియాను మోసేది దోమేనన్న రహస్యం 1897 ఆగస్టు 20న వైద్యుడు రొనాల్డ్ రాస్‌కు సికింద్రాబాదులోనే తెలిసింది; అయినా విదేశంలో పుట్టిపెరిగి సెలవులకు తాతగారి ఊరికి వచ్చే పిల్లలకు మలేరియా, టైఫాయిడ్ రాగలవన్న ఆలోచన తల్లిదండ్రులకు తరచుగా ఉండదు. తాము పెరిగిన నీరే కదా అన్న ధీమాతో టైఫాయిడ్ టీకా వేయించరు, దోమతెర కట్టరు. చిన్ననాడు ఆ తల్లిదండ్రులకు ఏర్పడిన కొద్దిపాటి నిరోధం కూడా ఏళ్ల తరబడి దూరంగా ఉండడంతో తరిగిపోయి ఉంటుంది. ఆఫ్రికా దేశాలలో పనిచేసి వచ్చేవారి విషయం మరింత తీవ్రమైనది. అక్కడ ఎక్కువగా ఉండే ఫాల్సిపేరం రకపు మలేరియా సాధారణంగా తిరిగివచ్చిన కొన్ని వారాలలోపే బయటపడుతుంది, ఒక్కొక్కసారి నెలలు కూడా పట్టవచ్చు; చికిత్స ఆలస్యమైతే ఒకటి రెండు రోజులలోనే మెదడుకు ఎక్కవచ్చు. వచ్చిన ఏడాదిలోపు జ్వరం వస్తే, ఎంత మామూలు జ్వరంగా కనిపించినా, ఫలానా దేశంనుంచి ఫలానా తేదీన వచ్చానని డాక్టరు అడగకముందే చెప్పాలి. ఆ మాట వింటే డాక్టరు మలేరియా పరీక్షకు అదే గంటలో రక్తం తీయిస్తారు.